జాజి కుట్లు ఊడిన వారం

దేవకృప బాపట్ల పక్కనుంచి సికింద్రాబాదు వచ్చి మిషన్ బళ్ళో టీచరుగా చేరిననాడు ఆమెకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. కొన్నేళ్ళు తిరిగేసరికి టాంగావాడితో తగువు కూడా ఉర్దూలోనే పెట్టుకోగలిగింది. చిన్న తరగతులకు లెక్కలు చెప్పేది. గొంతు పెద్దది, కోపం చిన్నది. గూడ్సు బండ్ల గార్డుగా పనిచేసే జ్ఞానశేఖర్‌ను పెళ్ళి చేసుకుని చిలకలగూడలో రెండు గదుల పెంకుటింట్లో కాపురం పెట్టింది. పిల్లలు కలగలేదు. దాని గురించి భార్యాభర్తలు ఎప్పుడో మాట్లాడుకుని, ఇక మాట్లాడుకోవడం మానేశారు.

జాజిని ఇంటికి తెచ్చింది జ్ఞానశేఖరే. మౌలాలి యార్డులో వాన పడుతున్న రోజున బండి కింద అరుస్తున్న పిల్లికూనను కోటు జేబులో వేసుకుని వచ్చాడు. తెలుపు మీద పసుపు మచ్చలు. దేవకృప మొదట్లో విసుక్కుంది. కానీ ఆయన డ్యూటీ మీద లైనుకు వెళ్ళిన రోజుల్లో ఆ ఇంట్లో ఆమెకు తోడు జాజే. ఆయన వచ్చాడంటే మాత్రం అది ఆమె ముఖం కూడా చూసేది కాదు. ఆయన తొడ మీదికెక్కి కూర్చునేది.

1948లో జాజికి రెండు కాన్పులూ చెడ్డాయి. రెండోసారి పిల్లలు కడుపులోనే చచ్చిపోతే, వారాసిగూడలో ఉండే దస్తగీర్ డాక్టరు వచ్చి దాన్ని బతికించాడు. ఆయన నిజాం ఫౌజులో గుర్రాల ఆస్పత్రిలో చేసి రిటైరైన పశువుల డాక్టరు. పేటలో అందరూ సలోత్రి సాబ్ అనేవాళ్ళు. ఇంకోసారి కడుపొస్తే ఇది దక్కదనీ, ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేయడమే మంచిదనీ ఆయన చెప్పాడు. జ్ఞానశేఖర్ ససేమిరా అన్నాడు.

"నోరు లేని జీవం. దాని కడుపు కోయించే హక్కు మనకెవరిచ్చారు?" అన్నాడు.

దేవకృప ఎదురు చెప్పలేదు. కానీ సెప్టెంబరు రెండో వారంలో ఆయన గూడ్సుతో డోర్నకల్ వైపు వెళ్ళగానే, జాజిని బుట్టలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి నడిచింది. గోడ మీద గండుపిల్లులు మళ్ళీ తిరగడం మొదలుపెట్టాయి. ఆగితే ఆలస్యమవుతుందనుకుంది. ఆయన తిరిగొచ్చేలోపు గాయం మానుతుంది, అప్పుడు నిదానంగా చెప్పుకోవచ్చుననుకుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇండియా వైపు నుంచి సరుకు రావడం ఆగిపోయి నెలలైంది. ఉప్పే దొరకని రోజులవి, ఇక మందుల సంగతి చెప్పేదేముంది? డాక్టరు తన దగ్గర మిగిలిన ఆఖరి మత్తుమందు జాజి మీదే ఖర్చుపెట్టాడు.

"కుట్లు నాకనీయకండి. ఎగరనీయకండి. వారం దినాలు జెర కాపాడితే చాలు," అని చెప్పి పంపాడు.

సోమవారం పొద్దున యుద్ధం మొదలైంది. ఇండియా ఫౌజు నాలుగు వైపుల నుంచి స్టేటులోకి వస్తోందని పేటంతా గుప్పుమంది. బడికి సెలవిచ్చారు. రైళ్ళు నిలిచిపోయాయి. ఆయన ఏ స్టేషన్‌లో చిక్కుకున్నాడో, అసలు ఎలా ఉన్నాడో చెప్పేవాళ్ళు లేరు. స్టేషన్‌కు వెళ్ళి అడిగితే, "మాకే తెల్వదమ్మా, తార్లు పనిచేస్తలేవు," అన్నాడు అక్కడి బాబు.

ఆమె ఇంటికొచ్చి తలుపు గడియపెట్టిన కాసేపటికే విమానాలు వచ్చాయి. పెంకులు అదిరిపోయేంత కిందగా ఇంటి మీదుగా పోయాయి. బుట్టలో పడుకున్న జాజి ఒక్క గెంతున బియ్యం డబ్బా మీదికి, అక్కడినుంచి అటక మీదికి ఎగిరింది. దేవకృప చెయ్యి చాచేలోపే పాత ట్రంకుపెట్టెల వెనక మాయమైంది.

పిలిచింది, బతిమాలింది. నెత్తళ్ళు వేయించి వాసన చూపించింది. అది కదల్లేదు. మర్నాడు దిగివచ్చేసరికి కడుపు కింద బొచ్చంతా తడిసిపోయి ఉంది. కుట్లలో రెండు తెగిపోయాయి. గాయం అంచులు నోరు తెరుచుకున్నాయి. 

పాలుపోసే ఎల్లమ్మ వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకుంది. ఆమెకు వెనక సందులో నాలుగు బర్రెలున్నాయి.

"పిల్లికి ఆపరేషనా టీచరమ్మా! నేనైతే గిసుంటి ముచ్చట ఎన్నడు ఇనలే. సార్‌కు ఎరికేనా?"

"తెలీదు."

"అయ్యో! గిట్ల ఎందుకు చేస్తివమ్మా?" అని, ఆమె ముఖం చూసి ఎల్లమ్మ గొంతు తగ్గించింది. "సరే తియ్. పసుపు పెట్టి గుడ్డ కట్టు. తగ్గుతది."

పసుపు పెట్టింది, పాత చీర చించి నడుముకు కట్టు కట్టింది. మర్నాటికి కడుపు ఒకపక్క ఉబ్బి నిగనిగలాడింది. చెయ్యి వేస్తే కాలిపోతోంది. జాజి పాలు ముట్టలేదు, నీళ్ళు ముట్టలేదు. చెవులు వెనక్కి వాల్చి గోడవైపు తిరిగి పడుకుంది. గుడ్డ తీసి చూస్తే చెడువాసన.

ఆ పూటే బుట్ట పట్టుకుని బయలుదేరింది. సందు మొగలో రజాకార్ల లారీ ఆగి ఉంది. కత్తులూ తుపాకులూ పట్టుకున్న కుర్రాళ్ళు దారినపోయేవాళ్ళను నిలబెట్టి అడుగుతున్నారు. ఒకడు ఆమెవైపు తిరిగాడు.  తల దించుకుని వచ్చినదారినే వెనక్కి నడిచింది. ఇంటికొచ్చి గడియ పెట్టుకుంది. ఆయన బతికి ఇంటికొస్తే జాజి చచ్చిపోయి ఉంటుంది, అప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి అన్న ఆలోచన ఒక పక్క. అసలు ఆయన వస్తాడా అన్న ఆలోచన ఇంకో పక్క. ప్రార్థన చేద్దామని మోకరించింది గాని, ఎవరికోసం ముందు అడగాలో తోచక లేచిపోయింది. ఉడికించి చల్లార్చిన నీళ్ళతో గాయం తుడిచి, దూది తడిపి జాజి నోట్లో చుక్క చుక్కగా పిండింది. మింగినవి కొన్ని, కారిపోయినవి ఎక్కువ.

శుక్రవారం సాయంత్రం రేడియోలో నిజాం లొంగిపోయాడన్న కబురు వచ్చింది. తెల్లారేసరికి వీధి వీధిలా లేదు. మూడు రంగుల జెండాలు ఎక్కడినుంచి వచ్చాయో వచ్చాయి. జనం పూలదండలు పట్టుకుని, ఫౌజు వస్తుందని పెద్దరోడ్డు వైపు పరుగులు పెడుతున్నారు. దేవకృప ఆ జనానికి ఎదురు నడిచింది. బుట్ట మీద కొంగు కప్పి, రెండు చేతులా గుండెకు అదుముకుని, భుజాలతో దారి చేసుకుంటూ వెళ్ళింది. "ఎటు పోతున్నవమ్మా, తమాషా ఇటుంది," అని ఎవరో నవ్వారు. ఆమె ఒక్కో అడుగుకీ కొంగు పక్కకు తీసి జాజి డొక్క ఎగురుతోందా లేదా అని చూసుకుంటోంది.

వారాసిగూడలో డాక్టరు ఉండే గల్లీ నిర్మానుష్యంగా ఉంది. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. ఆమె తలుపు తట్టింది.  మళ్ళీ తట్టింది.

"కౌన్?" ఆడగొంతు, తలుపుకు దూరంగా.

"నేనమ్మా, చిలకలగూడ టీచర్‌ను. పిల్లికి బాగాలేదు."

"డాక్టర్ సాబ్ లేరు. పోండి."

కానీ లోపల ఎవరో దగ్గారు. ఆ పొడి దగ్గు ఎవరిదో దేవకృపకు తెలుసు. ఫౌజులో పనిచేసినవాడు, నిజాం పడిపోయిన పొద్దున ఎవరో వచ్చి తలుపు తడితే తీస్తాడా? ఆ సంగతి ఆమెకు అప్పటికి గాని తట్టలేదు. ఇలా వచ్చి వీళ్ళను ఇంకా బెదరగొట్టానే అనిపించింది. వెనక్కి తిరిగిపోదామనుకుంది. బుట్టలోకి చూసి ఆగిపోయింది. గడప ముందు కూలబడింది.

"ఒక్కదాన్నే వచ్చానమ్మా," అంది తలుపుకు నోరు దగ్గరగా పెట్టి. "నా వెంట ఎవరూ లేరు. ఇది చచ్చిపోతోంది."

అప్పుడు బుట్టలోనుంచి జాజి సన్నగా, పీలగా అరిచింది. నిన్నటినుంచి అది నోరు తెరవలేదు.

గడియ తీసిన చప్పుడైంది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. డాక్టరు గడ్డం మాసి, ఒక్క వారంలోనే పెద్ద వయసు మీదపడ్డవాడిలా ఉన్నాడు. గల్లీ అటూ ఇటూ చూసి, "లోపలికి రండి, జల్దీ," అన్నాడు.

గాయం మీద గుడ్డ తీసి చూశాడు. భార్యను పిలిచి నీళ్ళు మరిగించమన్నాడు. ఆమె ముసుగు సవరించుకుంటూ, ఇంట్లో మిగిలిన గుప్పెడు ఉప్పూ తెచ్చి గిన్నెలో వేసింది.

"చీము నిండింది. తెరిచి తీయాలె. మత్తుమందు లేదమ్మా. పట్టుకోగలరా?"

"పట్టుకుంటాను."

"కరుస్తది."

"కరవనివ్వండి."

డాక్టరు భార్య వెనక కాళ్ళు పట్టుకుంది. దేవకృప తల పట్టుకుని, తన చెంప జాజి నెత్తికి ఆనించి కళ్ళు మూసుకుంది. అది గింజుకుంది, ఆమె బొటనవేలిలో పళ్ళు దింపింది. ఆమె వదల్లేదు. డాక్టరు కత్తితో గాయం తెరిచి చీము పిండాడు.  చీము పోయాక ఉప్పునీళ్ళతో కడిగి, సీసా అడుగున మిగిలిన సల్ఫా పొడి చల్లి, కొంచెం సందు వదిలి మళ్ళీ కుట్టాడు.

"లోపలి కుట్లు గట్టిగున్నయి. అల్లా దయ. మూడొద్దులు చూడాలె. తింటే బతుకుతది. తినకపోతే..." అని ఆగిపోయాడు.

ఆమె వేలికి కూడా ఆయనే కట్టు కట్టాడు. లోపలి గదిలో పసిబిడ్డ ఏడుస్తోంది. మనవరాలట. పాలవాడు రావడం మానేశాడని డాక్టరు భార్య చిన్నగా చెప్పింది. అడిగినట్టు కాదు, బిడ్డ ఏడుపుకు సంజాయిషీ ఇచ్చినట్టు చెప్పింది.

డాక్టరింటికి పాలు పోస్తావా అని ఆ సాయంత్రం దేవకృప ఎల్లమ్మను అడిగింది.

ఎల్లమ్మ ముఖం గట్టిపడింది. "వాళ్ళింటికా? నేను పోను టీచరమ్మా. మా తమ్ముని ఇల్లు రజాకార్లు కాలవెట్టిన్రు. గడ్డి లేదు, గింజ లేదు. వాడు పెండ్లాం పిల్లలను తోలుకొని ఎటు పాయెనో నాకింకా ఎరికలేదు."

"డాక్టరు కాలబెట్టాడా ఎల్లమ్మక్కా?"

"నేనన్ననా? ఎవరైతేంది, అందరు గాళ్ళే."

 దేవకృప తనకు పోసిన పాలు చెంబులోనే ఉంచి, మూత పెట్టి, పొద్దున తానే పట్టుకెళ్ళింది. మర్నాడూ అంతే. జాజిని చూపించుకోవడానికి ఎలాగూ వెళ్తోంది. గల్లీల్లో పరిస్థితి బాగాలేదు. ఇళ్ళల్లో జొరబడుతున్నారనీ, దుకాణాలు దోస్తున్నారనీ చెప్పుకుంటున్నారు. కర్ఫ్యూ వేళలు చూసుకుని వెళ్ళేది. తలుపు ముందు నిలబడి తట్టకుండా, "టీచర్‌ను," అని మాత్రం అనేది.

ఆ మర్నాడు ఎల్లమ్మ గిన్నె వంచుతూ, "ఒట్టి చాయ తాగుతున్నవా ఏందీ?" అంది. జవాబు రాకపోతే, రెండు గిద్దెలు ఎక్కువ పోసింది. "నీవి నువ్వు తాగు. పోయినేడు నా బర్రె ఈనలేక సస్తుంటే ఆ ముసలాయనే తీసిండు. గది సుత మర్సిపోలే నేను."  వారాసిగూడకు మాత్రం ఆమె ఎన్నడూ వెళ్ళలేదు.

జాజి తినలేదు. జ్వరం తగ్గింది, వాపు దిగింది, అయినా తినలేదు. వెన్నెముక వేలికి తగులుతోంది. దేవకృప గుడ్డుసొన వేలికి రాసి దాని పెదవులకు పూసేది. అది తల తిప్పేసుకునేది. డాక్టరు, "ఇంక దాని చేతుల ఉన్నది," అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి ఆమెకూ ముద్ద దిగలేదు. దాచి ఉంచుకున్న ఏడుపంతా ఆ పూట పొయ్యి ముందు కూర్చుని ఏడ్చేసింది. ఏడుస్తూనే నెత్తళ్ళు దంచి గంజిలో కలిపి మూకుట్లో పెట్టింది. కళ్ళు తుడుచుకుని చూస్తే జాజి మెడ చాచి మూకుడు వాసన చూస్తోంది.  అది ఒకసారి నాకింది. ఆగింది. మళ్ళీ నాకింది. సగం కూడా కాలేదు, అలసిపోయి అక్కడే తలవాల్చింది. కానీ తిన్నది.

జ్ఞానశేఖర్ ఆ వారాంతాన వచ్చాడు. కొంత దూరం మిలిటరీ బండి మీద, కొంత పట్టాల వెంట నడిచి వచ్చాడట. బూట్లు పగిలిపోయాయి. కళ్ళు లోతుకు పోయాయి. ఆమె ఆయన్ను పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. తరువాత, మంచినీళ్ళు ఇవ్వడానికి ముందే, జరిగిందంతా చెప్పేసింది. ఇంకొక్క క్షణం ఆగితే చెప్పే ధైర్యం ఉండదని భయపడింది.

ఆయన విన్నాడు. వెళ్ళి బుట్ట పక్కన కూర్చున్నాడు. జాజి లేచి రాలేక తోక మాత్రం కదిపింది. ఆయన చాలాసేపు దాని నెత్తి నిమురుతూ ఉండిపోయాడు.

"నేనుంటే చేయనిచ్చేవాణ్ణి కాదు," అన్నాడు.

"తెలుసండీ."

"నాతో చెప్పకుండా చేశావు, కృపా."

"చేశాను."

"దారిలో ఏమేం చూశానో..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆ సంగతులు ఆయన ఎప్పటికీ పూర్తిగా చెప్పలేదు. "బతికింది కదా. చాలు. కుట్లు విప్పే రోజున నేనూ వస్తాను."

ఆ కోపం కొంతకాలం ఆయనలో ఉంది. అన్నం తిని చెయ్యి కడుక్కుని నేరుగా బుట్ట దగ్గరికి పోయేవాడు. దేవకృప కదిలించేది కాదు.

కుట్లు విప్పే రోజున జ్ఞానశేఖర్ యూనిఫారం వేసుకుని, బుట్ట తనే పట్టుకున్నాడు. డాక్టరు గల్లీలో ఒకటి రెండు తలుపులు తెరుచుకుని ఉన్నాయి. ఆఖరి కుట్టు లాగేసరికి జాజి ఒళ్ళు విరుచుకుని డాక్టరు మణికట్టు మీద పంజా విసిరి నిలువునా గీరింది.

"యా అల్లా! తాఖత్ వచ్చింది దీనికి!" అని డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పరదా వెనక ఆయన భార్య నవ్వింది. ఆ నవ్వు విని డాక్టరు మొదట ఉలిక్కిపడ్డాడు, తరువాత తనూ నవ్వాడు.

జ్ఞానశేఖర్ జేబురుమాలు తీసి ఆయన మణికట్టుకు తనే కట్టాడు.