యాదమ్మ పెంచిన కుంట రొయ్యలు

నిన్న గాజు తొట్టి శుభ్రం చేస్తూ పాచి పట్టిన రాయిని బయటికి తీశాను. ఆ పచ్చి వాసన తగలగానే యాదమ్మ గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో భీమవరం నుంచి వచ్చి, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగంలో చేరాను. చందానగర్‌లో యాదమ్మ ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఆమె భర్త పోయేదాకా ఇంటి వెనక కుంటలోనే చేపలు పట్టేవాడట. ప్లాట్ల కోసం ఆ కుంటలో లారీలు మట్టి పోయడం మొదలుపెట్టగానే, యాదమ్మ పాత చీరతో గోరంత రొయ్యలు పట్టి తెచ్చి గాజు తొట్టిలో వేసింది. మా వైపు రొయ్యంటే అమ్ముకోవడానికి, లేదా వండుకోవడానికి. పెంచుకోవడమేమిటని నవ్వాను. వీధిలో వాళ్లూ నవ్వారు.

మూడో రోజుకి అన్నీ చచ్చిపోయాయి. కుళాయి నీళ్లలో మందు కలుపుతారని చెప్పాను. ఆమె ఆ నీళ్లను రెండు రోజులు ఎండలో నిలవ ఉంచి, కుంటలోని రాళ్లను పాచితో సహా తెచ్చి వేసి, మళ్లీ రొయ్యల్ని పట్టి తెచ్చింది. అవీ పోయాయి. మూడోసారి వెళ్లేసరికి కుంట సగం పూడిపోయింది. ఈసారి తెచ్చినవి బతికాయి. ఒక ఆదివారం నన్ను పిలిచి తొట్టి ముందు కూర్చోబెట్టింది. ఒక రొయ్య కడుపు కింద ఆకుపచ్చని గుడ్లను గుత్తిగా మోస్తూ, కాళ్లతో వాటికి నీళ్లు విసురుతోంది. నెల తిరిగేసరికి పాచి మీద కనీకనపడని పిల్లలు పాకుతున్నాయి.

ఆ వారమే ప్లాట్లు వేసే మనిషి కాగితం పట్టుకుని వచ్చాడు. కుంట ఏళ్ల కిందటే ఎండిపోయిందని, అందులో ప్రాణమున్నదేదీ లేదని ఆ కాగితంలో ఉంది. అందరూ సంతకాలు పెట్టారట, ఈమె వేలిముద్ర వేస్తే మూల ప్లాటు ఇప్పిస్తాడట. యాదమ్మ అతణ్ణి తొట్టి దగ్గరికి తీసుకెళ్లింది.

“ఏం లేదంటున్నవ్ గద. ఇవి ఏడికెళ్లి వచ్చినయ్ మరి?”

“గీ పురుగుల కోసం ప్లాటు ఇడిసిపెడ్తవా యాదమ్మా?”

“ప్లాటు నువ్వే ఉంచుకో. అబద్ధం మీద నా ఏలిముద్ర పడది.”

ఆమె వేలిముద్ర లేకుండానే కుంట పూడిపోయింది. ఇంతా చేసి ఏం లాభమమ్మా అని అడిగాను.

“పూడ్సేటోళ్లు పూడ్సిన్రు బిడ్డా. కుంట లేకుండె అని నాతోని అనిపియ్యలేకపోయిన్రు గద.”

తర్వాత ఆమె బోరబండలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. సగం రొయ్యల్ని స్టీలు బిందెలో తీసుకెళ్లి, సగం నాకిచ్చింది.

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని అంతా హడలిపోతున్న రోజులవి. పరీక్షించడానికి వ్యవధి లేదు, పరీక్షించినట్టు రాసిచ్చేయమన్నాడు మా మేనేజరు. రాయనన్నాను. మళ్లీ అడిగినా మాట మార్చలేదు. ఆ ప్రాజెక్టు నుంచి నన్ను తీసేశారు. తర్వాత వేరే ఉద్యోగాల్లోనూ రెండుసార్లు అలాగే తీసేశారు. అయినా చూడనిదాన్ని చూశానని ఇప్పటికీ రాయను.