ముడి ఊడిన రోజు

మొన్న కోయంబత్తూరు నుంచి మనవరాలు ఫోనులో ముఖం చూపించి, ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకుని, "అవ్వా, ముడంతా ఊడిపోతా ఉండాది, తల దువ్వేకే బయంగా ఉండాది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాన్పయిన వాళ్ళకు మామూలేనమ్మా, మళ్ళీ వస్తుందిలే అని ధైర్యం చెప్పాను గాని, ఆ మాట చెవిన పడగానే నా చెయ్యి తనంతట తాను మెడలోని తాళి మీదికి పోయింది. అలా ఎందుకు పోయిందో ఈ కాలం పిల్లలకు చెబితే నవ్వుతారు, నా వయసువాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

మా పుట్టిల్లు ఉడుమలైపేట దగ్గర. తరతరాలుగా అరవం మధ్య ఉన్నవాళ్ళం కనుక మా తెలుగులో సగం అరవమే, తల వెంట్రుకల్ని కూడా వాళ్ళలాగే ముడి అనేస్తాం. నన్నిచ్చిన పెరియకుళంలో మా ఆయన అవ్వ మాత్రం పాత మాటల మనిషి. ఆమెకు తలమీద ఉండేవి వెంట్రుకలు, ముడి అంటే ముడే, అందులోనూ ముందుగా తలపుకొచ్చేది తాళికి వేసే మూడు ముళ్ళు. ఆ తేడా అప్పటికి నాకు తట్టలేదు.

తొలికాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు నా జడ నడుము దిగేది. బిడ్డ నా ముఖం గుర్తుపట్టి నవ్వడం మొదలుపెట్టిన రోజుల్లోనే జుట్టు రాలడం మొదలైంది. తలకు పోసుకున్న ప్రతిసారీ తూము మూసుకుపోయేది, కణతల దగ్గర చర్మం బయటపడింది. మా అమ్మ మందార ఆకు, కరివేపాకు వేసి కాచిన కొబ్బరినూనె ఎంత పట్టించినా ఆగలేదు. నన్ను అత్తవారింటికి తీసుకుపోయే రోజు దగ్గరపడుతోంది. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు నా జడ చూసే ఒప్పుకున్నానని మా ఆయన ఎప్పుడూ అనేవారు, ఇక ఈ తలతో ఆయన ఎదుట ఎలా నిలబడేది? నాకు అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు.

నా ఈడుదే అయిన ఆడబిడ్డ చెవిన వేస్తే ప్రయాణం ఎలాగో వెనక్కి నెట్టిస్తుందని, ఒక ఉదయం పక్కనున్న నూనె మిల్లుకు వెళ్ళి అత్తవారింటికి ఫోను చేశాను. అవతల గొంతు ఆమెదే అనుకుని, "నా ముడి ఊడిపాయె, ఆయనకి తెలిస్తే నా గతేమి?" అని ఏడ్చేశాను. లైను తెగిపోయింది.

ఫోను ఎత్తింది అవ్వ. ఆమె మనవడు, అంటే మా ఆయన, ఆ తెల్లవారుజామునే మామిడికాయల వ్యానుతో కొడైకానలు కొండ ఎక్కి ఉన్నారు. తాళి ముడి ఊడిందన్న మాట పైకి చెబితే మనవడికి ఆ కీడు నిజమైపోతుందని ఆమె ఎవరికీ చెప్పలేదు. పసుపుతాడు, పసుపుకొమ్ము కొంగున కట్టుకుని, మామగారిని వెంటబెట్టుకుని బస్సెక్కింది.

మధ్యాహ్నం వాళ్ళు వీధి మలుపు తిరగడం చూసి, నా తల సంగతి తెలిసే వచ్చారనుకున్నాను. గబగబా కొంగు తలమీదికి లాక్కున్నాను. మా వాళ్ళలో అలా కొంగు కప్పుకునేది మొగుడు పోయిన ఆడమనిషే. అవ్వ వాకిట్లోనే కూలబడి పెట్టిన కేక విని మా అమ్మ పరుగెత్తుకొచ్చింది. మరుక్షణం అవ్వ లేచి నా మీద పడి కొంగు లాగేసింది. జుట్టు కోసమే అనుకుని నేను రెండు చేతులతో తల మూసుకున్నాను, ఆమె చేతులు మాత్రం నా మెడ తడుముతున్నాయి. తాళి దొరికింది. ముళ్ళు మూడూ వేలితో తడిమి చూసింది.

"ఊడిందంటివే!"

"ఊడిందవ్వా, చూడు" అని తల వంచి చూపించాను.

అవ్వ నా కణతలు వేలితో రాసి చూసింది. తర్వాత, "వెంట్రుకలని చెప్పేకి నీకు నోరు రాలేదా, పాపిష్టిదానా! నా బిడ్డని కొండమీదనించి తోసేస్తివి కదే!" అని నన్ను కావలించుకుని ఏడ్చింది. అయినా మనవడి గొంతు వినేదాకా మంచినీళ్ళు ముట్టనంది. మామగారు మిల్లులో ఫోను పట్టుకుని కూర్చున్నారు. సాయంత్రానికి గాని మా ఆయన కొండ దిగిన కబురు రాలేదు. ఆ కాసేపట్లో నా జడ సంగతి నాకే గుర్తులేదు.

మర్నాడు మా ఆయన వచ్చి, బిడ్డను ఎత్తుకుని, అన్నం తిన్నారు గాని, నా తలవైపు కన్నెత్తి కూడా చూడలేదు. అన్నాళ్ళు కుమిలిపోయిన నాకు ఒళ్ళు మండిపోయింది. జుట్టు మెల్లగా మళ్ళీ వచ్చింది, మునుపటంత కాదు.

అవ్వ పోయి ఏళ్ళయింది. ఇప్పుడు మా ఇంట్లో వెంట్రుకలంటే ఎవరికీ తెలియదు, అందరికీ ముడే. డాక్టర్లున్నారు, రకరకాల నూనెలున్నాయి, ఎవరి మాటా ఎవరికీ పొరపాటుగా వినిపించదు. మేలే. కాని ఆ మాట విని, ఒక్కరితోనూ చెప్పకుండా, పసుపుతాడు కొంగున ముడేసుకుని బస్సెక్కే మనిషి మా ఇంట్లో ఇక లేదు.