చెంపకు తగిలిన తడి

మొన్న పినపాకలో మా మనవరాలి కొత్త ఇంటికి రంగులు వేస్తున్నారంటే చూసి వద్దామని వెళ్ళాను. సిమెంటు పూసి గిలాబు చేసి పది రోజులైనా కాలేదు, అప్పుడే రంగులాయన రోలరు తడుపుతున్నాడు. మోకాళ్ళు మొత్తుకుంటున్నా వాళ్ళు నిలబెట్టిన స్టాండు ఎక్కి పైకప్పుకు చెంప ఆనించాను. చల్లగా తగిలింది. "అవ్వా, దిగు, పడ్తవ్. నీకెందుకు గివన్నీ" అన్నాడతను. నాకెందుకో నాకు తెలుసు.

మా గూడెంలో గోడ అంటే ఆడవాళ్ళదే. మట్టి మెత్తడం, అలకడం, పండగకు ముందు తెల్లమట్టి పూయడం అన్నీ అమ్మ చేతిమీదుగానే జరిగేవి. మెత్తిన గోడకు చెంప ఆనించి, చల్లగా తగిలితే లోపల తడి ఉందని, మరో నాలుగు రోజులు దాని జోలికి ఎవరినీ పోనిచ్చేది కాదు. అదే గోడ ఇటుకా సిమెంటూ అయ్యేసరికి మగవాళ్ళ సొత్తు ఎలా అయిందో, మేము తట్టలు మోసే కూలీలుగా ఎందుకు మిగిలామో నాకు ఈనాటికీ అర్థం కాదు. కోపం మాత్రం అలాగే ఉంది.

వయసులో ఉండగా, రంగుల పని చేసే మా మేనమామను ఏడాది పాటు సతాయించి చివరికి కుంచె పట్టాను. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ మిర్చి పండించే ఒక ఆసామి కొత్తగా ఇల్లు కట్టాడు. గోడల గిలాబు ఎప్పుడో ఆరింది, పైకప్పుది మాత్రం రెండు వారాల కిందటే చేశారు. గోడలు మామ తీసుకుని, మెడ విరిగే పని గనుక పైకప్పు నాకు వదిలాడు. సరిగ్గా చేస్తే కుంచె నాది, చెడగొడితే మళ్ళీ తట్టే. మూడు రోజులు తల వెనక్కి వాల్చి, రేకు బద్దతో ఇసుక రవ్వలు గీకి, గరుకు కాగితంతో రుద్ది, వంటగదికి నీళ్ళెక్కువ కలిపిన మొదటి పూత వేశాను. సిమెంటుకు అమ్మ విద్య పనికిరాదనుకోవడమే నా తప్పు. హాల్లోకి వచ్చాక ఎందుకో అనుమానం తోచి చెంప ఆనిస్తే, నీళ్ళకుండలా చల్లగా ఉంది.

ఇక వేయనన్నాను. గృహప్రవేశం ఇంకా నాలుగు రోజులే. "ముహూర్తం నీ కోసం ఆగుద్దా అమ్మాయ్" అని ఆసామి, "ఏంది నీ లొల్లి, జల్దీ ఏసెయ్" అని మామ. నేను కుంచె కడిగి పక్కన పెట్టి గడపలో కూర్చున్నాను. మామకు తన గోడలే తెమల్లేదు, వేరే మనిషి దొరకలేదు, హాలు పైకప్పు సిమెంటు బూడిదరంగులోనే మిగిలిపోయింది.

ప్రవేశం నాడు పాలు పొంగిస్తుంటే ఆవిరి తగిలి వంటగది పూత బుడగలెత్తింది, ఒక పెచ్చు ఊడి సరిగ్గా పాలగిన్నెలో పడింది. ఆడది పైకెక్కితే గిట్లనే ఉంటదని వచ్చినవాళ్ళలో ఎవరో అన్నారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. వంటగదిలో తడి మీద వేసిన తప్పు నాదే, హాల్లో వేయనన్న ఒప్పు కూడా నాదేనని అందరి ముందూ అన్నాను. ఆసామి భార్య పట్టుచీర కొంగు దోపుకుని, హాల్లో నా పరంజా ఎక్కి పైకప్పుకు చెంప ఆనించింది. ఆమె పుట్టింటివీ మట్టిగోడలేనట. దిగొచ్చి "తడిగానే ఉందండీ. ఆరాక ఈ పిల్లే వేస్తది" అని మొగుడితో చెప్పింది. రెండు నెలల తర్వాత వంటగది మొత్తం గీకి, రెండు పైకప్పులూ నేనే వేశాను. మామ మెచ్చుకోలేదు గానీ, తట్ట మళ్ళీ నా చేతికి ఇవ్వలేదు.

ఇప్పుడు మా గూడెంలోనూ అన్నీ స్లాబు ఇళ్ళే, తెల్లమట్టి తవ్వుకునే గుంట ఎక్కడుందో పిల్లలకు తెలియదు. గోడకు చెంప ఆనించే ఆడవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలానేమోనని దిగులేస్తుంది. తడి మీదే వేసే రంగులొచ్చాయని రంగులాయన చెప్పాడు. రానీ. ఈ పైకప్పు ఆరేదాకా ఇక్కడి నుంచి కదలనని చెప్పి, మనవరాలి హాల్లోనే, సరిగ్గా అతని స్టాండు పక్కనే చాప వేయించుకున్నాను.