కోరుట్ల బస్టాండులో అరగంట

నేను సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పెరిగాను. మరమగ్గాన్ని మేము సాంచ అంటాం. ఒక సాంచ ఆగిందంటే మా నాయినకు అన్నం సహించేది కాదు. ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అని షెడ్డంతా తిరిగేవాడు. ఆ జబ్బు నాకూ అంటింది. నేత పని దెబ్బతిన్నాక మా వాడకట్టులో చాలామంది గల్ఫుకు పోయారు. నేను కోరుట్ల దాకా పోయి, ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో చేరాను.

బస్టాండులో ఉచిత వైఫై నడిపే పని మాది. పక్కనే గాజుల దుకాణం, దాని మేడ మీద మా ఆఫీసు. మా రౌటరు ఒకేసారి వంద ఫోన్లను మోసేది. నూట ఒకటో మనిషికి ఫోనులో చక్రం తిరుగుతూనే ఉండేది. అతను మెట్లెక్కి వచ్చి మమ్మల్ని తిట్టి పోయేవాడు. ఒకరోజు జాబితా తెరిచి చూస్తే సగం ఫోన్లు లోపలికి వచ్చి ఊరికే కూర్చున్నాయి. పాట లేదు, బొమ్మ లేదు. నాకు ఒళ్లు మండింది. ఐదు నిమిషాలు ఏ పనీ చేయని ఫోనును రౌటరే బయటికి పంపేటట్టు పెట్టాను. మళ్లీ రావాలంటే నంబరు కొట్టి, ఓటీపీ తెచ్చుకోవాలి. తిట్లు ఆగిపోయాయి. మా ఓనరు మెచ్చుకుని, జగిత్యాల బస్టాండులో కూడా అట్లనే పెట్టమన్నాడు. నాకు కొంచెం పొగరెక్కింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం బీడీలు చేసే ఒకామె మెట్లెక్కి వచ్చింది. ఆమెది ముత్యంపేట దిక్కు ఊరు. కోరుట్లలో బీడీలు అప్పజెప్పి, ఫోనులో డేటా లేక, రేపటి బీడీలకు ఆకు కత్తిరించుకుంటూ మా వైఫై కింద కూర్చునేది.

"సారూ, గీ వైఫై నన్ను ఊకె ఎల్లగొడుతుంది. ఎందుకు?"

"నువ్వు వాడుతలేవు గద అక్కా. వాడనోళ్లను తీసేస్తది."

"వాడుతలేనని ఎవలన్నరు? మా ఆయన ఫోన్ జేస్తడని సూస్తున్న."

ఎదురుచూడడం రౌటరుకు పని కింద కనబడదని చెప్పాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

ఆమె భర్త గల్ఫులో కంపెనీ వదిలి కల్లివెల్లి అయ్యాడు. కాగితాలు లేకుండా దొంగచాటుగా పనిచేసేవాళ్లను మా దిక్కు అట్లనే అంటారు. పాస్‌పోర్టు పాత యజమాని దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు అక్కడి సర్కారు అట్లాంటి వాళ్లు జైలు లేకుండా ఇంటికి పోవడానికి గడువు ఇచ్చింది. పాస్‌పోర్టు జిరాక్సన్నా చూపించాలి. పోయిన వారం ఆయన వెతకమంటే ఇంట్లో పెట్టెలో దొరికింది. కానీ ఆయనకు సొంత ఫోను లేదు. శుక్రవారం సెలవు పూట ఎవరిదో అడుక్కుని నెట్టు మీద చేస్తాడు. ఏ నంబరు నుంచి చేస్తాడో తెలియదు కాబట్టి, చేసినప్పుడే ఆ జిరాక్సు ఫొటో పంపాలి.

ఐదు నిమిషాలకోసారి ఫోను ముట్టమంటే ఆమెకు కుదరదు. ఒడిలో చాట, ఒక చేతిలో తునికాకు, ఒక చేతిలో కత్తెర. అందుకని ఏదన్నా వీడియో పెట్టి, సౌండు తీసేసి వదిలేయమని ఉపాయం చెప్పాను. ఆ రోజు ఫోను రాలేదు.

ఉపాయం మాత్రం బస్టాండంతా పాకింది. వచ్చే శుక్రవారానికి గల్ఫు ఫోన్ల కోసం కూర్చున్న వాళ్లందరూ వీడియోలు పెట్టుకున్నారు. కుస్తీలు నడుస్తున్నాయి, బిర్యానీలు ఉడుకుతున్నాయి, ఒక్కరూ చూడడం లేదు. ఆమె భర్త ఫోను ఆ వారమూ రాలేదు. నెట్టు నత్తలాగా పాకింది. ఓనరు తన మెప్పు వాపసు తీసుకున్నాడు. నాకు మళ్లీ ఒళ్లు మండింది. ఒక ఫోనుకు రోజుకు అరగంటే అని పెట్టి, నోటీసు అంటించాను. ఇంగ్లీషులో అంటించాను.

మూడో శుక్రవారం ఆమె చాట పట్టుకునే మేడ మీదికి వచ్చింది. అరగంట అయిపోయి రౌటరు ఆమెను బయటికి పంపి పది నిమిషాలైంది. ఎన్నిసార్లు నంబరు కొట్టినా రానివ్వలేదు. నేను వెంటనే తెరిచాను. ఫోను టింగుమంది. ఒకే నంబరు నుంచి మూడు మిస్డ్ కాల్స్, మూడూ ఆ పది నిమిషాల్లో వచ్చినవే. తిరిగి చేస్తే ఎవరో హిందీ ఆయన ఎత్తాడు. మీ ఆయన చాలాసేపు చూశాడు, బండి వస్తే ఎక్కి పోయాడు, నాకు పెద్ద పరిచయం లేదు అన్నాడు. ఆ నంబరుకే ఫొటో పంపాం. మళ్లీ కనబడితే చూపిస్తానన్నాడు. గడువు ఆ ఆదివారంతో అయిపోయింది. ఆమె భర్త ఇంటికి వచ్చింది ఏడాది దాటాక, అక్కడి జైలు నుంచి.

ఆ రోజు ఫోను పెట్టేశాక ఆమె ఏడవలేదు.

"ఇంకో పది నిమిషాలు ఉండనిస్తే ఏమయితుండె సారూ?" అని అడిగింది. దెప్పిపొడుపు కాదు, తెలియక అడిగింది.

నేను జాబితా చూశాను. బయట పొద్దటి నుంచి వాన, బస్టాండులో మనుషులు లేరు. ఆమెను పంపేసిన నిమిషానికి వంద ఫోన్ల రౌటరులో ఉన్నవి పదకొండు.

"జాగ లేకుండె అక్కా," అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా నా నోట్లోంచి ఎట్ల వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"జాగనే లేనప్పుడు నువ్వేం జేస్తవ్ తియ్ సారూ," అని ఆమె నన్ను ఓదార్చి, ఆకు తడవకుండా చాట మీద కవరు కప్పుకుని మెట్లు దిగిపోయింది.