డబ్లిన్‌లో చెల్లని వీసా

మా తమ్ముడు డేవిడ్ సరుకు ఓడలో పనిచేసేవాడు. ఐర్లాండ్ దగ్గర ఉక్కు తాడు తెగి వాడి కాలికి బలంగా తగిలింది. డబ్లిన్ ఆసుపత్రిలో చేర్చారు. నాకు వాడు తప్ప ఎవరూ లేరు. యాంగోన్‌లో, మా తాకేటా పేటలో ఉన్న నా కుట్టు దుకాణానికి తాళం వేశాను.

ఐర్లాండ్ వీసా యాంగోన్‌లో ఎక్కడిస్తారో ఎంత అడిగినా తెలియలేదు. టికెట్లమ్మే కో తున్ ధీమాగా చెప్పాడు: "యూరప్ అంతా ఒకటే. ఫ్రాన్స్ వీసా తీసుకో, అక్కడ ఓడెక్కు." నమ్మాను.

మూడు వారాలకి వీసా వచ్చింది. సోమవారం ఉదయం పదింటికి యాంగోన్‌లో విమానం ఎక్కి, బ్యాంకాక్‌లో మారి, మంగళవారం పొద్దున్నే పారిస్‌లో దిగాను. డబ్లిన్ ఓడ ఎక్కే షెర్బూర్ రేవుకి రైల్లో మూడున్నర గంటలు. ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులు తింటుంటే డేవిడ్ ఫోన్ చేశాడు.

"ఏటక్కా, ఎక్కడున్నావు? ఎల్లుండి మళ్ళీ ఆపరేసనంట. కాలు ఉంటాదో తీసేత్తారో తెల్దు."

"బయపడకురా. రేపు మజ్జానానికి నీ మంచం కాడుంటాను."

రెండున్నరకి రేవులో వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక ఫ్రెంచి పెద్దాయన, పక్కన కుక్క. ఆయన చూపించింది అరచేతిలో పట్టే గుర్తింపు కార్డు. "మాకు ఇది చాలు. పాస్‌పోర్టు అక్కర్లేదు. కుక్కకే కావాలి," అని నవ్వుతూ దాని నీలం పుస్తకం తీశాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు.

నా పాస్‌పోర్టు చూసిన కౌంటర్ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "ఇది షెంగెన్ వీసా, కొన్ని యూరప్ దేశాలకే పనిచేస్తుంది. ఐర్లాండ్ అందులో లేదు. వేరే వీసా కావాలి."

"ఫ్రాన్స్, ఐర్లాండ్ రెండూ ఒకే యూరప్ యూనియన్‌లోవి కావా?"

"యూనియన్‌లో సభ్యదేశమే. షెంగెన్‌లో కాదు."

ఆసుపత్రి కాగితం చూపించాను. "క్షమించండి" అంది. ఆ మాట మర్యాదగా అన్నందుకు మరింత మండింది. కుక్కకి దారుంది, అక్కకి లేదు! నాలుగింటికి ఓడ కదిలింది. గట్టు మీద నిలబడి చూశాను.

ఐర్లాండ్ వీసాకి వారాలు పడుతుందన్నారు. స్టేషన్ పక్క చిన్న గదిలో పది రోజులున్నాను. గురువారం వాడి కాలు మోకాలి కింద తీసేశారు. మత్తు దిగాక వాడు ఫోన్‌లో ఏడ్చాడు. నడుమ ఒక్క సముద్రం, నా చేతిలో పనికిరాని వీసా.

వాడిని కంపెనీ బ్యాంకాక్ మీదుగా ఇంటికి పంపుతోందని తెలిసి నా టికెట్ ఆ రోజుకే మార్పించుకున్నాను. బ్యాంకాక్‌లో విమానం మారేచోట, చక్రాల కుర్చీలో కనిపించాడు. అక్కడ మమ్మల్ని ఎవరూ ఏ వీసా అడగలేదు, విమానాశ్రయం దాటి ఏ దేశంలోనూ అడుగుపెట్టడం లేదు కాబట్టి. దుప్పటి కింద ఖాళీ జాగా చూసి వాడి తల నా పొట్టకి అదుముకున్నాను.

ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోండి. ఒకటే యూరప్ అన్నది ఆ కార్డు ఉన్నవాళ్ళ మాట. మనం దేశం దేశానికీ విడిగా అడిగి తీరాలి.

యాంగోన్ విమానంలో డేవిడ్ మెల్లగా అడిగాడు: "యూరప్ ఎలాగుందక్కా?"

"నాకేటి తెలుసురా! నిన్నే చూడనివ్వలేదు."