సందు లేని కోళ్లగూడు

నా చిన్నప్పుడు, నాకు పదకొండేళ్ల వయసులో, బీరంగూడలోని మా ఇంటి వెనుక పద్దెనిమిది అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు గల ఖాళీ జాగా ఉండేది. మా నాయన బొల్లారంలోని ఒక ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో ఫిట్టర్. మొదటి షిఫ్టు రెండు గంటలకు ముగిసేది. కంపెనీ బస్సు రెండూ యాభైకి ఆయనను మా వీధి మలుపులో దించేది. కోళ్లగూడు కట్టిన ఆ ఏప్రిల్ వారంలో ఆయన మూడింటికల్లా చొక్కా మార్చుకొని పనిలో దిగేవారు. ఒంటిపూట బడి కావడంతో నేను పక్కనే కూర్చొని, ఆయన చెప్పే కొలతలను నోటుపుస్తకంలో రాసేదాన్ని.

మా నాయనమ్మకు ఆరు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. పొద్దు గూకగానే వాటిని వెదురు గంపల కింద కమ్మి, పైన రాయి పెట్టేది. బావురుపిల్లి ఆ రాయిని దొర్లించి పది రోజుల్లో రెండు పెట్టలను ఎత్తుకుపోయింది. "ఇంకొక్కటి పోయిందంటే మిగిలినయన్ని అంగట్ల అమ్మేస్త. నాకీ పరేషాన్ వద్దు," అని తేల్చి చెప్పింది. మిగిలిన నాలుగు పెట్టల్లో ఒకటి, పిల్లగా ఉన్నప్పటి నుంచి నేను పెంచిన ఎర్ర పెట్ట. అది అప్పటికి తొమ్మిది రోజులుగా పదకొండు గుడ్లను పొదుగుతోంది. గుడ్లు పిల్లలు కావడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. అంటే మరో పన్నెండు రోజులు దాన్ని కాపాడుకోవాలి.

నాయన ఇనుప చట్రం చేశారు: నాలుగు అడుగుల పొడవు, మూడు వెడల్పు, రెండున్నర ఎత్తు. నేలతో కలిపి ఆరు వైపులా రేకు బిగించి, ప్రతి అతుకుకూ రివెట్లు కొట్టారు. ఆయన వృత్తిలో సందు అంటే తప్పు. అయిదో సాయంత్రం తలుపు బిగించాక, పనిముట్ల పెట్టెలోంచి ఫీలర్ గేజ్ తీశారు. అది సందులను కొలిచే పలుచని ఉక్కు రేకుల కట్ట. వాటిలో అన్నిటికన్నా పలుచనిది కూడా తలుపు అంచులో దూరలేదు. "పిల్లి కాదు, దాని మీసం గూడ దూరది. రాసుకో, సందు సున్నా," అన్నారు. నేను రాసి, కింద రెండు గీతలు గీశాను. నాకూ గర్వంగానే ఉండింది.

అదే సాయంత్రం ఎర్ర పెట్టను గుడ్లతో సహా లోపలికి మార్చాము. మిగిలినవి రాత్రికే లోపలికి; దీన్ని మాత్రం పొద్దున ఏడింటికి, సాయంత్రం అయిదింటికే మేతకు వదలాలన్నది నియమం. మరునాడు మేతకు వచ్చిన పెట్ట తిరిగి లోపలికి పోనని మొరాయించింది. నాయనమ్మ దాన్ని రెండు చేతులా పట్టి లోపల పెట్టి గడియ వేసింది. "కొత్త జాగ. రెండు దినాలైతే అదే అలవాటైతది," అన్నారు నాయన. రెండో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి లోపల రేకును తన్నుతున్న చప్పుడు వినిపించింది. గూడు పైకప్పు మీద అరచెయ్యి ఆనించి వెంటనే తీసేశాను. నాయన రాగానే ఆ సంగతి చెప్పాను. "ఎండల రేకు కాలక ఇంకేం జేస్తది? నువ్వు కొలతలు సూసుకో," అన్నారు. నేను మళ్లీ చెప్పలేదు. నోటుపుస్తకంలోనూ రాయలేదు.

మూడో రోజు నాయన ఇంటికి వచ్చేసరికి నేను పిన్ని వరసలో ఖాలా అని పిలిచే పక్కింటామె మా పెరట్లో నిలబడి ఉంది. ఇరవై ఏళ్లుగా కోళ్లు పెంచుతున్న మనిషి. గూడు చుట్టూ ఒకసారి తిరిగి, రివెట్ల పనిని మెచ్చుకొని, పెట్టను బయటికి తీయించింది. అది నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు దూరంగా చాపి నిలబడింది. ఖాలా ఒక కొవ్వొత్తి నా చేతికిచ్చి, "దీన్ని లోపట నిలబెట్టి తలుపు మూయి బేటీ. ముట్టియ్యకు," అన్నది.

"ఏంది ఆపా, కోళ్లేమన్న సదువుకుంటయా?" అని నాయన నవ్వారు.

"మీరు చాయ్ తాగుండ్రి భాయ్. జెర ఆగుండ్రి."

మూడూ పదికి మూసిన తలుపును మూడూ యాభైకి తీశాము. ఎవరూ వెలిగించని కొవ్వొత్తి నడుము వంగి, దాని కొన నేలకు ఆనుకొని ఉంది. నాయన దాన్ని వేలితో నొక్కి చూశారు. సందు వదిలితే పిల్లి రాదా అని మెల్లగా అడిగారు.

"పిల్లికి జాలీ అడ్డం బెట్టుండ్రి. గాలికి సందు గావాలె. మూడు దినాల సంది మీ కోడి చెప్తనే ఉన్నది భాయ్, మీరే ఇనలే."

ఆ సాయంత్రమే నాయన రెండు పక్కల రేకు కోసి ఇనుప తీగల జాలీ బిగించి, గూటిని నాలుగు ఇటుకల మీదికి ఎత్తారు. ఎర్ర పెట్ట మాత్రం గుడ్ల దగ్గరికి పోలేదు. ఖాలా వాటిని ఓణీలో మూట కట్టుకొని పోయి, తన ఇంట్లో పొదుగుతున్న కోడి కింద పెట్టింది. జాలీ బిగించిన పనిముట్లు సర్దుతూ నాయన, నా వైపు చూడకుండానే, "నువ్వు చెప్పినవు గదా," అన్నారు.

"ఒక్కపారే చెప్పిన," అన్నాను.

తరువాత ముప్పై ఒక్క ఏళ్లు తనిఖీ విభాగంలో పనిచేశాను. అంకెలన్నీ సరిగ్గా ఉన్న కాగితం నా ముందుకు వచ్చినప్పుడల్లా, ఇందులో ఎవరూ కొలవనిది ఏమిటని అడిగేదాన్ని. నా మాట తోసివేస్తే రెండోసారి చెప్పేదాన్ని. మూడోసారి రాసి సంతకం పెట్టేదాన్ని. సతాయించే మనిషినన్న పేరు వచ్చింది. ఆ పేరు నన్ను నొప్పించలేదు. అరచెయ్యి కాలిన ఆ మధ్యాహ్నం నేను ఊరుకున్నానన్న చిరాకు మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ గూటికి పట్టినవి ఆరు సాయంత్రాలు, ఆరు రేకులు. వాటిలో రెండు కోసి పారేశాము. పిల్లికి పోయినవి రెండు పెట్టలు, రెండూ గూడు కట్టక ముందే. పదకొండు గుడ్లలో పిల్లలైనవి రెండు, చెడిపోయినవి తొమ్మిది. ఎర్ర పెట్ట మరో నాలుగేళ్లు బతికింది. మళ్లీ ఎన్నడూ పొదగలేదు.