మూడు మూటల్లో ఒకే పేరు

మేము ముగ్గురం అక్కచెల్లెళ్లం. అక్క జనగామలో బడి పంతులమ్మ. చెల్లెలు భూపాలపల్లిలో ఉంటుంది, మరిది బొగ్గుగనిలో పని చేస్తాడు. నడిపిదాన్ని నేను, మహబూబాబాద్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. పుట్టింది తండాలో, ఇంటి భాష లంబాడీ. ఆ భాషలో అమ్మను యాడి అంటాం. మేం మాట్లాడుకున్నవి ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

యాడి పోయి రెండేళ్లు దాటింది. ఆమెకు ఢావ్లోలు బాగా వచ్చు. పెళ్లయి అత్తారింటికి పోయే పిల్ల తనవాళ్లను ఒక్కొక్కరినే కావలించుకుని ఏడుస్తూ పాడే పాటలవి. ఇప్పటి పిల్లలకు అవి రావు, మాకూ అంతంతే. అందుకే యాడి చివరి ఏడాది మాలో ఒక్కొక్కరికి ఒక్కో పాట అప్పజెప్పింది. అక్కకు అన్నదమ్ముల మీద పాడేది, చెల్లెలికి తండా మీద పాడేది, నాకు కన్నతల్లి మీద పాడేది. ముగ్గురం మా మా ఫోన్లలో రికార్డు చేసుకున్నాం. నేర్చుకొమ్మని యాడి ఎన్నిసార్లు పోరినా నేను నవ్వేదాన్ని. "ఫోన్ల ఉన్నది గదనే యాడీ, ఏడికి పోతది?" అనేదాన్ని.

ఆమె పోయాక పాటలు, ఫొటోలు అన్నీ ఒకచోట పెడదామన్న ఆలోచన నాదే. పెత్తనం కూడా నాదే. ఒక్కొక్కటి పంపితే కలగాపులగం అవుతుంది, ఫైళ్లన్నీ కలిపి ఒకే మూట కట్టి పంపండని ఇద్దరికీ హుకుం జారీ చేశాను. అక్క తన బడి ల్యాబ్‌లో కట్టింది. అక్కడి కంప్యూటర్లలో ఉండేది లినక్స్. వచ్చిన మూట పేరు చివర టార్, జీజెడ్ అని రెండు తోకలు. నా విండోస్ దాన్ని గుర్తుపట్టనే లేదు. ఇంకో సాఫ్ట్‌వేర్ వేసి విప్పితే లోపల మళ్లీ ఒక మూట. అదీ విప్పితే గానీ ఫొటోలు కనబడలేదు.

"గిదేం మూటనే అక్కా, ఉల్లిగడ్డ లెక్క పొర మీద పొర! అందరు జిప్ చేస్తరు. నువ్వే ఎట్లనో చేస్తవ్."

"నా కంప్యూటర్ల గట్లనే అయితది. విప్పరాకపోతే రాదని చెప్పు," అంది అక్క.

నాకు ఒళ్లు మండింది. చెల్లెలు ఫోన్‌లోనే ఏదో యాప్‌తో రార్ ఫైలు చేసి పంపింది. దాన్నీ వెక్కిరించాను. జిప్ అంటే ఏమిటో తెలియని వాళ్లతో నాకెందుకీ కర్మ అనుకుంటూ అన్నీ ఒకే ఫోల్డర్‌లోకి విప్పాను. ముందు నాది, తర్వాత అక్కది, చివర చెల్లెలిది. మధ్యలో రెండుసార్లు కంప్యూటర్ అడిగింది, ఇదే పేరుతో ఇంకో ఫైలు ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టనా అని. యాడి ఫొటోలు ముగ్గురి దగ్గరా అవే కదా, ఒకటే రెండుసార్లు వచ్చిందనుకున్నాను. చదవకుండానే సరే నొక్కాను. ఆఫీసులో రోజుకు వందసార్లు నొక్కే చెయ్యి అది.

తర్వాత మూటలన్నీ తీసేశాను. మామూలుగా తీసేస్తే చెత్తబుట్టలో ఉంటాయి కదా, నేను అక్కడ కూడా మిగలకుండా తీసేస్తాను. డెస్క్‌టాప్ అద్దంలా ఉండాలని నా పట్టింపు. నా ఫోన్‌లోదీ తీసేశాను. మీ ఫోన్లలోవీ తీసేయండి, జాగా మిగులుతుందని వాళ్లకూ చెప్పాను.

మొన్న ఎండాకాలం అక్క బిడ్డకు పెళ్లి కుదిరింది. డిగ్రీ చదివిన పిల్ల. ఒకరోజు ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, అమ్మమ్మ ఢావ్లోలే పాడుత. మూడు పాటలు పంపవా? నేర్చుకుంట."

పంపుదామని ఫోల్డర్ తెరిస్తే పాట ఒక్కటే ఉంది. తండా మీది పాట, చెల్లెలిది. ఫైలు పేరు యాడి. కాసేపటికి గానీ బుర్రకు ఎక్కలేదు. మేం ముగ్గురం ఒకరికొకరం చెప్పుకోకుండానే పాటకు అదే పేరు పెట్టాం. ఇంకేం పేరు పెడతాం? అక్కది వచ్చి నాదాన్ని తుడిచింది, చెల్లెలిది వచ్చి అక్కదాన్ని తుడిచింది. సరే అన్నది నేనే.

అక్కకు ఫోన్ చేయడానికి రెండు రోజులు పట్టింది. సంగతి విని అక్క తిట్టలేదు.

"నువ్వు తీసెయ్యమన్నవ్, నేను తియ్యలే. నీ మాట నేనెప్పుడు విన్ననే? నాది నా దగ్గరనే ఉన్నది."

చెల్లెలూ తీసేయలేదట. ముగ్గురిలో నా మాట విన్నదాన్ని నేనొక్కదాన్నే. పోయింది నా పాటే. పోయిన ఫైళ్లను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి చూశాను. లాభం లేకపోయింది, రెండేళ్ల ఆఫీసు కాగితాలు ఆ జాగాలో ఎప్పుడో కూర్చున్నాయి. ఆ రోజు బాగా ఏడ్చాను.

అక్క తన పాటను మళ్లీ పంపింది, ఈసారి నాకోసం జిప్ చేసి. పాట అయిపోయాక కూడా రికార్డు ఇంకాస్త నడిచింది. అందులో కన్నతల్లి మీది పాట కూడా పాడమని అక్క అడుగుతోంది. యాడి గొంతు వినబడింది.

"అది నడిపిదానికిచ్చిన. దానికి యాది ఉంటది, దాన్ని అడుగు."

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. యాది పెట్టుకోవడానికి నేనేం చేశాను? బస్సులో, వంటింట్లో, ఎక్కడ కూర్చున్నా గుర్తు తెచ్చుకునే ప్రయత్నమే. మూడు చరణాల్లో రెండు దొరికాయి. యాడీ, నీ సూదికి దారం ఇక ఎవరెక్కిస్తారు అన్నది ఒకటి. నీ పెనం మీది మొదటి రొట్టె ఎవరు తింటారు అన్నది రెండోది. మూడోది రాలేదు. ఉన్నంతవరకే పాడి పిల్లకు పంపాను, తప్పు నాదని చెప్పి.

పెళ్లి జనగామలో. అప్పగింతల వేళ, ఎండ ఇంకా దిగకముందే, పిల్ల ఒక్కొక్కరినే పట్టుకుని పాడింది. డిగ్రీ పిల్ల ఢావ్లో పాడుతుంటే ముసలమ్మలు ముక్కున వేలేసుకున్నారు. అక్క దగ్గర తల్లి పాట ఎత్తుకుంది. రెండు చరణాలు అయ్యాయి, అక్కడితో ఆగి ఏడుస్తోంది. చూసేవాళ్లకు అది ఏడుపే. అందులో ఏం తక్కువైందో తెలిసింది మా ముగ్గురికే.

తర్వాత నా మెడను కావలించుకుని మళ్లీ సూది, దారం దగ్గర మొదలుపెట్టింది. ఆ తడి చెంప నా చెంపకు తగిలింది. తండా వాకిట్లో నా పెళ్లినాడు యాడిని నేనూ ఇట్లాగే పట్టుకున్నాను. రెండో చరణం అయిపోయి పిల్ల ఆగింది. నా నోటి నుంచి మూడోది వచ్చింది.

నన్ను మరిచిపోకని నేననను యాడీ, మరిచిపోయినా సరే, నేనొచ్చే వేళకు తలుపు మాత్రం వేయకు.

చెల్లెలు ఫోన్ పట్టుకునే ఉంది గానీ, ఏడుపులో రికార్డు నొక్కడం మరిచిపోయిందట. తర్వాత చెప్పి బాధపడింది. ఇప్పుడు రోజూ పొద్దున బియ్యం కడుగుతూ ఆ మూడు చరణాలూ ఒకసారి పాడుకుంటున్నాను.